కౌంటీ రికార్డు కావాలంటే ఏ దారి పట్టాలి: టెక్సాస్‌లో ఐదు మార్గాల పోలిక

ఇల్లు కొని తాళాలు చేతికి వచ్చిన కొన్ని వారాలకు పోస్టులో ఒక ఉత్తరం వస్తుంది. పైన ప్రభుత్వ ముద్రను తలపించే బొమ్మ ఉంటుంది, మీ పేరు, ఇంటి చిరునామా, రిజిస్ట్రేషన్ తేదీ అన్నీ సరిగ్గా ఉంటాయి, ఫలానా తేదీలోగా వంద డాలర్లకు అటూ ఇటూగా పంపితే మీ డీడ్ (ఇంటి యాజమాన్య పత్రం) నకలు పంపుతామని రాసి ఉంటుంది. ఆ ఉత్తరం ప్రభుత్వ కార్యాలయం నుంచి వచ్చినది కాదు. టెక్సాస్‌లో అదే డీడ్‌ను కౌంటీ క్లర్క్‌ను అడిగితే చట్టం నిర్ణయించిన రుసుము పేజీకి 1 డాలరు, ధ్రువీకరణ ముద్రతో కావాలంటే దానిపై మరో 5 డాలర్లు. మూడు పేజీల డీడ్‌కు మామూలు నకలు 3 డాలర్లు, సర్టిఫైడ్ కాపీ 8 డాలర్లు అవుతుందన్నమాట.

కొత్తగా వచ్చినవారు ఆ ఉత్తరాన్ని నమ్మడంలో ఆశ్చర్యం లేదు. ఏ కాగితం ఏ కార్యాలయంలో ఉంటుందో, దాన్ని ఎన్ని విధాలుగా అడగవచ్చో చెప్పేవారు వారికి ఎవరూ ఉండరు. టెక్సాస్‌లో 254 కౌంటీలున్నాయి. వాటిలో డాలస్ చుట్టుపక్కల ఉన్న కొలిన్, డెంటన్, డాలస్ కౌంటీల్లో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి కనుక ఈ పోలికకు టెక్సాస్ నియమాలనే ఆధారంగా తీసుకుంటున్నాను. ఇతర రాష్ట్రాల్లో ఏది మారుతుందో చివర్లో చెబుతాను.

దారి ఎంచుకునే ముందు తేల్చుకోవలసినవి

చాలామంది మొదట ఆన్‌లైన్‌లోనా, నేరుగా వెళ్లాలా అన్నది ఆలోచించి, ఆ తర్వాత రికార్డు సంగతి చూస్తారు. ఈ వరుస తిరగబడాలి. ఆ రికార్డు ఎవరి అధీనంలో ఉంది, దాన్ని ఎవరికి చూపించబోతున్నాం అనే రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే ఐదు దారుల్లో మూడు వాటంతట అవే తప్పుకుంటాయి.

మన జిల్లా కలెక్టరేట్‌లా ఒకే గొడుగు కింద నడిచే వ్యవస్థగా కౌంటీని ఊహించుకోకూడదు. కౌంటీ క్లర్క్, డిస్ట్రిక్ట్ క్లర్క్, షెరీఫ్, పన్ను వసూలు అధికారి వేర్వేరుగా ప్రజలు ఎన్నుకున్నవారు, ఎవరి రికార్డులకు వారే బాధ్యులు. ఒకరికి పంపిన అర్జీ మరొకరి దగ్గర ఉన్న కాగితాన్ని రప్పించదు. ఇంటి మార్కెట్ విలువ, పన్ను మినహాయింపుల వివరాలు ఉండే అప్రైజల్ డిస్ట్రిక్ట్ కౌంటీ ప్రభుత్వంలో భాగమే కాదు, అదొక ప్రత్యేక సంస్థ.

రెండో ప్రశ్న నకలు ఏ పనికి అన్నది. మీరు చదువుకుని తెలుసుకోవడానికైతే మామూలు నకలు చాలు. పాస్‌పోర్ట్ కార్యాలయం, ఇమ్మిగ్రేషన్ అధికారులు, భారత కాన్సులేట్, కోర్టు, బ్యాంకు వంటివారికి ఇవ్వవలసి వస్తే అధికారి సంతకం, ముద్ర ఉన్న సర్టిఫైడ్ కాపీయే అవసరమవుతుంది. మామూలు నకలును నోటరీ చేయించినంత మాత్రాన అది సర్టిఫైడ్ కాపీ కాదు. దాన్ని పట్టుకుని అపోస్టిల్‌కు, అంటే విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణకు, పంపితే తిరిగి వస్తుంది.

ఇక అడిగే అర్హత. డీడ్‌ను ఎవరైనా అడగవచ్చు. జనన రికార్డు మాత్రం టెక్సాస్‌లో 75 ఏళ్లు, మరణ రికార్డు 25 ఏళ్లు గోప్యంగా ఉంటాయి. అంతవరకు ఆ వ్యక్తి, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, జీవిత భాగస్వామి, తాతమామ్మలు, చట్టబద్ధ సంరక్షకులు వంటివారికే ఇస్తారు. బావగారికో, పినతండ్రి కొడుకుకో ఎంత దగ్గరి చుట్టరికం ఉన్నా ఈ జాబితాలో చోటు లేదు.

| రికార్డు | ఉండే చోటు | అడగగలిగినవారు |
|---|---|---|
| డీడ్, తనఖా విడుదల పత్రం | ఇల్లు ఉన్న కౌంటీ క్లర్క్ | ఎవరైనా |
| పెళ్లి సర్టిఫికెట్ | లైసెన్స్ ఇచ్చిన కౌంటీ క్లర్క్ | ఎవరైనా |
| విడాకుల డిక్రీ | డిస్ట్రిక్ట్ క్లర్క్ | సాధారణంగా ఎవరైనా |
| జనన, మరణ ధ్రువపత్రాలు | స్థానిక రిజిస్ట్రార్, కౌంటీ క్లర్క్, రాష్ట్ర వైటల్ స్టాటిస్టిక్స్ | దగ్గరి కుటుంబ సభ్యులు |
| నగర పోలీసులు ఇచ్చిన ట్రాఫిక్ టికెట్ | నగర మునిసిపల్ కోర్టు | సాధారణంగా ఎవరైనా |
| షెరీఫ్ సిబ్బంది, రాష్ట్ర పోలీసులు ఇచ్చిన టికెట్ | జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టు | సాధారణంగా ఎవరైనా |
| రోడ్డు పనుల ఒప్పందాలు, ఈమెయిళ్లు, ఖర్చుల లెక్కలు | ఆ పని చూసిన కౌంటీ శాఖ | ఎవరైనా, మినహాయింపులకు లోబడి |

చిరునామాలోని ఊరి పేరును బట్టి కౌంటీని ఊహించకండి. ఫ్రిస్కో నగరం కొలిన్, డెంటన్ కౌంటీల్లో రెండింటిలోనూ ఉంది, ఒకే స్కూలుకు పిల్లలను పంపే రెండు కుటుంబాల డీడ్‌లు వేర్వేరు కౌంటీల్లో ఉండవచ్చు. మాకు తెలిసిన ఒక కుటుంబం సెలవు పెట్టుకుని కొలిన్ కౌంటీ కేంద్రమైన మెకిన్నీ దాకా వెళ్లిన తర్వాతే తమ ఇల్లు డెంటన్ కౌంటీ కిందకు వస్తుందని తెలుసుకుంది. ఆస్తి పన్ను బిల్లు మీద కౌంటీ పేరు ఉంటుంది, బయలుదేరే ముందు దాన్ని ఒకసారి చూసుకుంటే చాలు.

మొదటి మార్గం: ఆన్‌లైన్ వెతుకులాట

పెద్ద కౌంటీలన్నీ భూమి రికార్డుల సూచికను ఆన్‌లైన్‌లో ఉంచాయి. మన సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ తీసి చూసే అలవాటు ఉన్నవారికి ఇది సులువుగానే అర్థమవుతుంది, కాకపోతే ఒక తేడా ఉంది. ఈసీలో సర్వే నంబరు, ఆస్తి వివరాలు ఇస్తే లావాదేవీలన్నీ వరుసగా వస్తాయి. ఇక్కడి సూచిక ప్రధానంగా పేర్ల మీద నడుస్తుంది. ఇచ్చినవారిని గ్రాంటర్ అనీ, పుచ్చుకున్నవారిని గ్రాంటీ అనీ నమోదు చేస్తారు. ఆస్తి మీద తనఖా గానీ, బకాయి హక్కు గానీ ఉందేమో తెలియాలంటే యజమాని పేరును రెండు వైపులా వెతకాలి.

తెలుగువారికి అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మన ఇంటిపేరు ముందు వస్తుంది, వ్యక్తి పేరు రెండు మూడు మాటల్లో ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారికి వీసా కాగితాల్లో మొదటి పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, మొదటి పేరు తెలియదు) అనే అక్షరాలు చేరతాయి. వెంకట లక్ష్మీ నరసింహ అనే పేరున్న మనిషి ఒక డీడ్‌లో నరసింహ కింద, మరో పత్రంలో ఇంటిపేరు కింద, ఇంకో చోట వెంకట కింద నమోదై ఉండవచ్చు. లక్ష్మిని ఎక్స్ అక్షరంతో రాసేవారూ ఉన్నారు, కె, ఎస్, హెచ్ అక్షరాలతో రాసేవారూ ఉన్నారు. చౌదరి అన్న ఒక్క మాటకే నాలుగైదు స్పెల్లింగులు వాడుకలో ఉన్నాయి. అందువల్ల ఒక స్పెల్లింగుతో వెతికి ఏమీ రాకపోతే రికార్డు లేదని నిర్ణయించుకోకుండా, పేరులోని ప్రతి భాగాన్నీ ఇంటిపేరు గడిలో పెట్టి విడివిడిగా వెతకండి, అప్పటికీ దొరకకపోతే జీవిత భాగస్వామి పేరుతోనో, అమ్మినవారి పేరుతోనో, బిల్డర్ కంపెనీ పేరుతోనో ప్రయత్నించండి. ఒకసారి పత్రం సంఖ్య దొరికితే మిగిలిన ఏ మార్గంలోనైనా పని సగమైనట్టే.

ఈ మార్గం బలం ఖర్చు లేకపోవడం, ఏ వేళనైనా, హైదరాబాద్‌లో కూర్చుని కూడా చూడగలగడం. బలహీనత ఏమిటంటే తెర మీద కనిపించే బొమ్మకు అధికారిక విలువ ఉండదు, చాలాచోట్ల దాని మీద అనధికారికమని అడ్డంగా ముద్రించి ఉంటుంది. పాత పత్రాలు కొన్ని సూచికలో ఉండి బొమ్మలు లేకపోవచ్చు. కోర్టు కేసుల కోసం కౌంటీ సొంత సైటుతో పాటు రాష్ట్రమంతటికీ కలిపి రీసెర్చ్ టీఎక్స్ అనే పోర్టల్ ఉంది. జనన, మరణ రికార్డులను మాత్రం ఈ విధంగా తెరచి చూడలేరు.

రెండో మార్గం: కౌంటర్ దగ్గరకు వెళ్లడం

సర్టిఫైడ్ కాపీ త్వరగా కావాలంటే నా ఓటు దీనికే. ఫోటో గుర్తింపు కార్డు, దరఖాస్తు, రుసుము తీసుకుని వెళితే పెళ్లి సర్టిఫికెట్ గానీ, డీడ్ గానీ సాధారణంగా అదే రోజు చేతికి వస్తుంది.

జనన ధ్రువపత్రం విషయంలో ఒక తేడాను తప్పక గమనించాలి. రాష్ట్ర కంప్యూటర్ వ్యవస్థతో అనుసంధానమైన ఏ స్థానిక కార్యాలయమైనా టెక్సాస్‌లో ఎక్కడ పుట్టినవారికైనా ధ్రువపత్రం ఇవ్వగలదు. అయితే అలా వచ్చేది సంక్షిప్త రూపం. ఆసుపత్రిలో నమోదైన వివరాలన్నీ ఉండే లాంగ్ ఫారం కావాలంటే బిడ్డ పుట్టిన చోటి స్థానిక కార్యాలయాన్ని గానీ, ఆస్టిన్‌లోని రాష్ట్ర కార్యాలయాన్ని గానీ అడగాలి. పిల్లలకు పాస్‌పోర్ట్, ఓసీఐ చేయించే తల్లిదండ్రులు మొదటే లాంగ్ ఫారం అడగడం మంచిదని నా సలహా, ఎందుకంటే ఆ దరఖాస్తుల్లో తల్లిదండ్రుల పూర్తి పేర్లు బిడ్డ ధ్రువపత్రంతో సరిపోలడం కీలకం. ధ్రువపత్రంలో పేరు తప్పుగా పడితే దాన్ని సరిదిద్దే అధికారం కౌంటర్‌లో ఉన్న ఉద్యోగికి ఉండదు, సవరణ దరఖాస్తు రాష్ట్ర కార్యాలయానికే వెళ్లాలి.

మూడో మార్గం: పోస్టు ద్వారా

వేరే రాష్ట్రానికి మారిపోయినవారికి ఇది పనికొస్తుంది. డీడ్, పెళ్లి సర్టిఫికెట్ అయితే పత్రం సంఖ్య, పేర్లు, తేదీ, రుసుము, తిరుగు కవరు పంపితే సరిపోతుంది. జనన, మరణ ధ్రువపత్రాలకు రాష్ట్ర కార్యాలయానికి పోస్టులో దరఖాస్తు పెడితే నోటరీ ముందు చేసిన ప్రమాణ పత్రం, గుర్తింపు కార్డు నకలు జతపరచాలి. వీటిలో ఏది లేకపోయినా దరఖాస్తు తిరిగి వస్తుంది, దానితో వారాలు గడిచిపోతాయి.

నాలుగో మార్గం: పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ కింద అర్జీ

మనకు 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టానికి టెక్సాస్‌లో సమానమైనది ఇది. గవర్నమెంట్ కోడ్‌లోని 552వ అధ్యాయంగా ఉన్న ఈ చట్టం మూలాలు 1973 నాటివి. చాలామంది 1966 నాటి ఫెడరల్ సమాచార చట్టం పేరు చెప్పి కౌంటీకి రాస్తారు, కానీ అది ఫెడరల్ శాఖలకే వర్తిస్తుంది.

మన సమాచార హక్కు చట్టం పౌరులకు హక్కు ఇచ్చింది. టెక్సాస్ చట్టం ఎవరికైనా ఇచ్చింది. హెచ్1బీ వీసా మీద ఉన్నవారు, గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్నవారు, వేరే రాష్ట్రంలో ఉన్నవారు కూడా అడగవచ్చు. ఎందుకు అడుగుతున్నావని ప్రశ్నించే అధికారం కార్యాలయానికి లేదు, అర్జీ స్పష్టంగా లేకపోతే ఏ పత్రాలు కావాలో వివరించమని మాత్రమే అడగగలదు. వీసా మీద ఉన్నాం కదా, ప్రభుత్వాన్ని ప్రశ్నిస్తే ఏమవుతుందోనని వెనకాడేవారిని నేను చాలామందిని చూశాను. ఈ మాట వారి కోసమే ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఇంకొక తేడా మరింత ముఖ్యమైనది. మన దగ్గర సమాచారం నిరాకరిస్తే అర్జీదారుడే అప్పీలు చేసుకుంటూ పైకి పోవాలి. టెక్సాస్‌లో కౌంటీ ఏదైనా దాచాలనుకుంటే, గతంలోనే అదే సమాచారంపై నిర్ణయం వచ్చి ఉంటే తప్ప, సాధారణంగా 10 పని దినాల్లోగా తానే రాష్ట్ర అటార్నీ జనరల్‌ను నిర్ణయం కోరాలి. గడువు దాటితే ఆ సమాచారం బహిరంగమేనని చట్టం భావిస్తుంది, బలమైన కారణం చూపితే తప్ప దాచడం కుదరదు. అటార్నీ జనరల్‌కు నిర్ణయం చెప్పడానికి 45 పని దినాల వ్యవధి ఉంటుంది, ఆలోగా మీ వాదన రాసి పంపే హక్కు మీకూ ఉంది.

అయితే ఆ 10 రోజులు పత్రాలు చేతికి వచ్చే గడువని పొరబడకూడదు. చట్టం చెప్పేది ఆలస్యం చేయకుండా ఇవ్వమని. 10 పని దినాల్లో ఇవ్వలేకపోతే ఎప్పుడు ఇస్తారో ఆ లోపు రాతపూర్వకంగా చెప్పాలి. మామూలు నకలుకు పేజీకి 10 సెంట్లు. 50 పేజీల లోపైతే వెతికిన శ్రమకు సాధారణంగా రుసుము వేయరు, దాటితే గంటకు 15 డాలర్లు వేయవచ్చు. మొత్తం 40 డాలర్లు మించేటట్లయితే ముందే వివరమైన అంచనా పంపాలి. ఆ అంచనాకు 10 పని దినాల్లో జవాబివ్వకపోతే అర్జీని మీరే వెనక్కి తీసుకున్నట్టు లెక్క, కనుక ఈమెయిల్‌ను, అందులో స్పామ్ పెట్టెను కూడా చూస్తూ ఉండండి.

అర్జీ రాసేటప్పుడు ప్రశ్న వేయకండి, పత్రం అడగండి. మా వీధి దగ్గర రోడ్డు పని ఎందుకు ఆగిందని రాస్తే జవాబు చెప్పవలసిన బాధ్యత కౌంటీకి లేదు. ఫలానా రోడ్డు విస్తరణ ఒప్పందం, దానికి జరిగిన మార్పుల ఉత్తర్వులు, 2024 జనవరి నుంచి డిసెంబరు వరకు గుత్తేదారుకు చేసిన చెల్లింపుల వివరాలు కావాలని రాస్తే, ఉన్న పత్రాలను వెతికి ఇవ్వక తప్పదు.

ఇంత శక్తి ఉన్నా ఇది అన్నిటికీ మందు కాదు. ఈ చట్టం న్యాయస్థానాలకు వర్తించదు కనుక కేసు కాగితాలను సంబంధిత క్లర్క్‌నే అడగాలి. గోప్యమైన జనన రికార్డును ఈ దారిలో తెచ్చుకోలేరు. పేజీకి 10 సెంట్లే కదా అని డీడ్‌ను దీని కింద అడిగినా లాభం లేదు, క్లర్క్ కార్యాలయ నకళ్లకు వేరే చట్టంలోని రుసుము వర్తిస్తుంది. కౌంటర్‌లో పది నిమిషాల్లో దొరికే కాగితం కోసం ఈ అర్జీ పెట్టి వారం రోజులు ఎదురుచూడటం సమయాన్ని పోగొట్టుకోవడమే.

ఐదో మార్గం: రాష్ట్ర కార్యాలయం, ప్రైవేటు సేవలు

రాష్ట్ర వైటల్ స్టాటిస్టిక్స్ విభాగానికి టెక్సాస్ డాట్ గవ్ ద్వారా జనన, మరణ ధ్రువపత్రాల కోసం దరఖాస్తు చేయవచ్చు. జనన ధ్రువపత్రం 22 డాలర్లు, మరణ ధ్రువపత్రం మొదటి ప్రతి 20 డాలర్లు, ఒకేసారి అడిగిన ప్రతి అదనపు ప్రతికీ 3 డాలర్లు. ఆన్‌లైన్‌లో చిన్న అదనపు రుసుములు ఉంటాయి. పెళ్లి, విడాకుల విషయంలో ఈ కార్యాలయం మోసం చేయదు గానీ చాలామందిని నిరాశపరుస్తుంది. 1966 నుంచి జరిగిన పెళ్లిళ్లకు, 1968 నుంచి జరిగిన విడాకులకు అది ఇచ్చేది నమోదైనట్టు తెలిపే ధ్రువీకరణ లేఖ మాత్రమే. అసలు సర్టిఫికెట్‌కు, డిక్రీకి అది ప్రత్యామ్నాయం కాదు.

ప్రైవేటు సేవల్లో కొన్నిటికి ప్రభుత్వ గుర్తింపు ఉంటుంది, అవి దరఖాస్తును సరైన కార్యాలయానికి చేర్చి అదనపు రుసుము తీసుకుంటాయి. అత్యవసరంలో వాటిని వాడుకోవచ్చు. కౌంటీ సైటులో లింకు ఇచ్చిన సేవను తప్ప, వెతికినప్పుడు ప్రకటనగా కనిపించిన సైటును నమ్మకండి.

| మార్గం | వేగం | ఖర్చు | అధికారిక విలువ |
|---|---|---|---|
| ఆన్‌లైన్ వెతుకులాట | వెంటనే | చూడటం చాలాచోట్ల ఉచితం | లేదు |
| కౌంటర్ | తరచు అదే రోజు | చట్టబద్ధ రుసుము | ఉంది |
| పోస్టు | వారాలు | రుసుము, తపాలా, అవసరమైతే నోటరీ | ఉంది |
| పబ్లిక్ ఇన్ఫర్మేషన్ అర్జీ | రోజుల నుంచి నెలల దాకా | పేజీకి 10 సెంట్ల నుంచి | సాధారణంగా మామూలు నకలు |
| రాష్ట్రం, గుర్తింపు ఉన్న సేవలు | వారాలు | రుసుము, అదనపు ఛార్జీలు | ఉంది, పెళ్లి, విడాకులకు లేఖ మాత్రమే |

ఎవరికి ఏది

ఇల్లు కొన్నవారు ముందు ఆన్‌లైన్‌లో తమ డీడ్ నమోదైందో లేదో, పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాలి. రుణం తీరినవారు తనఖా విడుదల పత్రం నమోదైందో లేదో కూడా చూడాలి. సర్టిఫైడ్ కాపీ తీసుకుని బీరువాలో దాచుకోవలసిన అవసరం సాధారణంగా ఉండదు, అసలు రికార్డు కౌంటీలోనే ఉంటుంది.

భారత్‌లో చూపించవలసిన కాగితమైతే కౌంటర్‌లో సర్టిఫైడ్ కాపీ తీసుకుని, దానికి టెక్సాస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర 15 డాలర్ల రుసుముతో అపోస్టిల్ చేయించండి. భారత్ 2005 నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది. పెళ్లి భారత్‌లో జరిగి ఉంటే ఏ కౌంటీ క్లర్క్ దగ్గరా దాని రికార్డు ఉండదు, అక్కడ నమోదు చేసిన కార్యాలయాన్నే అడగాలి.

పౌరసత్వానికి దరఖాస్తు చేసేవారికి పాత అరెస్టు గానీ, కేసు గానీ ఉంటే, అది కొట్టివేసినదైనా సరే, ఆ కోర్టు క్లర్క్ నుంచి కేసు ముగింపును తెలిపే సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోవాలి. ఆన్‌లైన్‌లో కేసు సంఖ్య వెతికి, దానితో కౌంటర్‌కు వెళ్లడం ఉత్తమం. ఈ పనిని ఇంటర్వ్యూ తేదీ వచ్చేదాకా వాయిదా వేయవద్దు.

ఇంట్లో మరణం సంభవించినప్పుడు లెక్కలు చూసుకునే స్థితిలో ఎవరూ ఉండరు. అందుకే ముందే చెబుతున్నాను, మరణ ధ్రువపత్రం ప్రతులను ఒకేసారి కనీసం ఎనిమిదో పదో అడగండి. బీమా, బ్యాంకులు, ఉద్యోగ సంస్థ, భారత్‌లోని ఆస్తుల కార్యాలయాలు ఒక్కొక్కటీ అసలు సర్టిఫైడ్ ప్రతినే అడుగుతాయి. రాష్ట్ర రుసుము ప్రకారం ఒకేసారి పది ప్రతులకు 47 డాలర్లు, విడివిడిగా పది సార్లు అడిగితే 200 డాలర్లు. చాలాసార్లు అంత్యక్రియల సంస్థ ద్వారానే వీటిని తెప్పించుకోవచ్చు.

టెక్సాస్ దాటితే

కార్యాలయాల పేర్లు మారతాయి. జార్జియాలో డీడ్‌లు సుపీరియర్ కోర్టు క్లర్క్ దగ్గర, పెళ్లి లైసెన్సులు ప్రొబేట్ కోర్టులో ఉంటాయి. నార్త్ కరోలినాలో రిజిస్టర్ ఆఫ్ డీడ్స్ ఈ రెండింటినీ చూస్తారు. వర్జీనియాలో సర్క్యూట్ కోర్టు క్లర్క్‌ను అడగాలి. కనెక్టికట్‌లో 1960 నుంచి కౌంటీ ప్రభుత్వాలే లేవు, అక్కడ టౌన్ క్లర్క్ దగ్గరకు వెళ్లాలి.

గడువులూ ఒకేలా ఉండవు. అర్జీకి మొదటి స్పందన జార్జియాలో 3 పని దినాలు, వాషింగ్టన్, ఇల్లినాయిస్, వర్జీనియా రాష్ట్రాల్లో 5, న్యూజెర్సీలో 7 పని దినాలు, కాలిఫోర్నియాలో 10 రోజులు. కాలిఫోర్నియాలో జనన ధ్రువపత్రం ఎవరు అడిగినా ఇస్తారు గానీ, అర్హత లేనివారికి ఇచ్చే ప్రతి గుర్తింపు కోసం చెల్లదని దాని మీదే రాసి ఉంటుంది. వర్జీనియా తన సమాచార చట్టాన్ని ప్రధానంగా ఆ రాష్ట్ర పౌరులకే పరిమితం చేసింది, అలా చేయవచ్చని 2013లో అమెరికా సుప్రీంకోర్టు కూడా తీర్పు చెప్పింది. కనుక టెక్సాస్‌లో ఉంటూ వర్జీనియాలోని లౌడన్ కౌంటీ పత్రాలు కావలసినవారు, వర్జీనియా వాసి ఎవరి చేతనైనా అర్జీ పెట్టించుకోవడమే నమ్మదగిన దారి.